దేశాంతరమున పుట్టిన బిడ్డకు ఊరెవరు చెప్పవలెను?



వంశవృక్షము రాజులకును జమీందారులకును మాత్రమే తగినదని కొందఱి తలంపు. నిజమునకు దాని యవసరము పరదేశమున పుట్టిన పేదబిడ్డకే ఎక్కువ.

1860 అక్టోబరులో మదరాసు రేవునుండి ‘ట్రూరో’ అను ఓడ బయలుదేరి నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. అది మొదలు 1911 వఱకు 1,52,184 మంది మనదేశీయులు ఒడంబడిక కూలీలుగా నాటాలు సీమకు పోయిరి. వారిలో తెలుగువారనేకులు. ఓడ దిగిన పెద్దలకును పిల్లలకును ఒక్కొక్క సంఖ్య నిచ్చి, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది గుర్తులు పట్టీలో వ్రాసిరి. నేడు వారి మునిమనుమలు ఇంటి పాతకాగితములలో మొదట ఆ సంఖ్యనే వెదకుదురు. సంఖ్య దొరికిన పట్టీ దొరకును. పట్టీ దొరికిన ఊరు తెలియును. మారిషసుకు పోయినవారి పట్టీలు అచటి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి.

అయినను చిక్కులు కలవు. తెలుగు పేర్లను గుమాస్తాలు చెవికి తోచినట్లు ఇంగ్లీషున వ్రాసిరి. మారిషసులో తెలుగువారిని కోరంగివారనిరి. కోరంగి ఓడయెక్కిన రేవు. రేవునే స్వగ్రామమనుకొన్నచో శోధన దారితప్పును. అన్నిటికంటె పెద్దలోటు వేఱొకటి: పట్టీలో తండ్రిపేరునకు గడి యున్నది, తల్లిపేరునకు లేదు. మన జనగామ సీమలోని బమ్మెర పోతనామాత్యుడు భాగవతావతారికలో తండ్రి కేసనతోపాటు తల్లి లక్కమాంబనుగూడ స్మరించెను. కవి మఱువనిదానిని గుమాస్తా విడిచెను.

ఇది పరుల కథ యని యూరకుండరాదు. మన పల్లెలలో పిచ్చకుంట్లవారు రెడ్ల గోత్రములను నోటిపాటగా నిలిపిరి. అందఱి యిండ్లకును అట్టి భాగ్యము లేదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములవారు షోలాపురము, భీవండి మగ్గములకును, గల్ఫు దేశములకును పోయిరి. వారి బిడ్డలు రేపు “మా ఊరేది?” అని అడిగినచో చూపుటకు మనయొద్ద ఏమున్నది?

కావున ఈ రజతోత్సవ సంవత్సరమున మన గ్రంథాలయమున ఒక గట్టి అట్ట పుస్తకము తెఱవుదము. ప్రతి యింటివారును ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, అవ్వల పేర్లు, వారి పుట్టినూళ్ళు, వలసపోయినవారు పోయిన యేడు, చేరిన ఊరు వ్రాయింతురు గాక. లెక్కలు వ్రాయువాడనగుట నాకు తెలిసిన దొక్కటే: గడి ఖాళీగా నున్న చిట్టా మొత్తము తేలదు. అవ్వలు బ్రతికియుండగనే అడిగి వ్రాయుదము.