దత్తసంతానమునకు సత్యము చెప్పు విధము



బిడ్డను దత్తత చేసుకొన్న దంపతులను వేధించు సందేహము ఒకటున్నది. ఈ సంగతి బిడ్డకు చెప్పవలెనా? చెప్పినచో తమపై ప్రేమ తగ్గదా? చెప్పియే తీరవలెను. మాటలు నేర్చు వయస్సులోనే, కన్నవారి వలె పెంచుచున్న మీ నోటనే, కథగా చెప్పవలెను. మన ఇతిహాసములు మనకు నేర్పునది ఇదియే.

అయోధ్యాకాండలో అనసూయాదేవి సీతమ్మను స్వయంవర వృత్తాంతము చెప్పుమని కోరినది. సీతమ్మ ఆ కథను తన జన్మము నుండియే ఆరంభించినది. జనకమహారాజు భూమిని దున్నుచుండగా తాను నేలనుండి వెలువడితిననియు, సంతానము లేని ఆయన దుమ్ముకొట్టుకొనియున్న తనను ఒడిలోనికి తీసుకొని కూతురని పలికెననియు, పట్టమహిషి తల్లి మమతతో పెంచెననియు చెప్పినది. ఆ మాటలలో సిగ్గు లేదు, సంకోచము లేదు. సంగతిని దాచిన ఇంట పెరిగిన బిడ్డ ఇంత తేటగా చెప్పగలదా?

కణ్వమహర్షియు దాచలేదు. శకుంతములు, అనగా పక్షులు, కాపాడిన శిశువు గనుక శకుంతల యని పేరు పెట్టినాడు. బిడ్డ పేరులోనే బిడ్డ కథ ఉన్నది. శరీరమిచ్చినవాడు, ప్రాణము నిలిపినవాడు, అన్నము పెట్టినవాడు, ముగ్గురును తండ్రులేయని ఆదిపర్వము చెప్పుచున్నది.

దాచుట వలన కలుగు కీడునకు కర్ణుని చరిత్రయే సాక్ష్యము. కుంతి కర్ణునితో నోరు విప్పినది యుద్ధము ముంగిట. పాండవులకు చెప్పినది అతడు మరణించిన పిమ్మట, తిలోదకములు విడుచు వేళ. తోడబుట్టినవానినే చంపుకొంటిమని ధర్మరాజు కుమిలిపోయినాడు. కాని ఒకటి గమనింపుడు. జన్మరహస్యము తెలిసియు కర్ణుడు రాధను విడువలేదు; తనకు జాతకర్మాదులు జరిపించిన అధిరథుని కాదనలేదు. సత్యము తెలిసిన బిడ్డ దూరమగునని భయపడు తల్లిదండ్రులకు ఇంతకు మించిన సమాధానమేమున్నది?

ఇక చెప్పు విధము. మూడు నాలుగేండ్ల బిడ్డకు ఇంత చాలును: "నాయనా, నీవు వేరొక అమ్మ కడుపున పుట్టినావు. ఆమె నిన్ను పెంచలేకపోయినది. బిడ్డ కావలెనని ఎదురుచూచుచున్న మేము నిన్ను మన ఇంటికి తెచ్చుకొన్నాము. నీవెప్పటికిని మా బిడ్డవే." కన్నతల్లిని నిందింపకుడు. మీకు తెలియని సంగతి బిడ్డ అడిగినచో తెలియదనియే చెప్పుడు. కల్పించి చెప్పిన మాట ఒకనాడు బయటపడి, మీ నిజమును కూడ అనుమానింపజేయును. ఒకసారి చెప్పి ఊరకుండకుడు. బిడ్డ పెరిగిన కొలది ప్రశ్న మారును, సమాధానమును పెరుగవలెను.

మన ఇండ్లలో "నిన్ను తవుడుకు కొన్నాము" అని పిల్లలను ఆటపట్టించు అలవాటున్నది. దత్తసంతానమున్న ఇంట ఆ పరిహాసము వలదు. అల్లరి చేసిన వేళ "మా రక్తమైతే ఇట్లుండునా" అను మాట కోపములోనైనను రానీయకుడు. బంధువులారా, పదిమందిలో "పెంచుకొన్న పిల్ల" అని వేరుచేసి చూపకుడు.

"నన్ను మరల పంపివేయుదురా?" అని పసిబిడ్డ అడుగవచ్చును. నవ్వి తోసివేయక, ఒడిలోనికి తీసుకొని, ఎన్నటికిని పంపమని చెప్పుడు. 1956వ సంవత్సరపు హిందూ దత్తత, మనోవర్తి చట్టము కూడ దత్తత జరిగిన దినము నుండి బిడ్డ అన్ని విధముల పెంచినవారి సంతానమేయనియు, సక్రమముగా జరిగిన దత్తత రద్దు కాదనియు శాసించుచున్నది. చట్టము కాగితముపై చెప్పిన ఆ మాటను బిడ్డ మీ నోట వినవలెను.

జనకుని ఒడిలో పెరిగిన ఆ జానకీదేవి మీ బిడ్డలను చల్లగా కాపాడుగాక! స్వస్తి.