పదిమంది పనితనానికి ఒక చోటు

ఇవాళ పట్టాలు అందుకుంటున్న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల విద్యార్థులారా!

పోతన ఊరు బమ్మెర ఈ జనగామ జిల్లాలోనే ఉంది. ఆ మహాకవి జీవితాన్ని 1943లో 'భక్త పోతన'గా తెరమీదికి తెచ్చింది మాత్రం మద్రాసులోని వాహినీ సంస్థ. నాగయ్య పోతనగా నటించారు. దర్శకుడిగా కె.వి.రెడ్డికి అదే తొలి చిత్రం. కెమెరాలు, ల్యాబులు, పని తెలిసిన మనుషులు అక్కడే ఉండటంతో తెలుగు కథ ఏదైనా మద్రాసు చేరాల్సి వచ్చేది.

వాహినీ తొలి చిత్రం బి.ఎన్.రెడ్డి తీసిన 'వందేమాతరం', 1939లో వచ్చింది. తర్వాతి దశాబ్దంలో మూలా నారాయణస్వామి పూనికతో వడపళనిలో వాహినీ స్టూడియో వెలిసింది. బి.ఎన్. తమ్ముడు నాగిరెడ్డి, తెనాలి ప్రాంతం నుంచి వచ్చిన రచయిత చక్రపాణి కలిసి విజయా సంస్థ పెట్టారు. 1950లో 'షావుకారు', మరుసటి ఏడు 'పాతాళభైరవి', 1955లో 'మిస్సమ్మ' వచ్చాయి. స్టూడియో కూడా నాగిరెడ్డి చేతికి వచ్చి విజయా-వాహినీగా ఆసియాలోని పెద్ద స్టూడియోల్లో ఒకటిగా నిలిచింది.

1957లో విజయా సంస్థ తీసిన 'మాయాబజార్' మీ అందరికీ తెలుసు. అందులో మొదట కనిపించే ద్వారకను ఈసారి కాస్త ఆగి చూడండి. కళాదర్శకులు గోఖలే, కళాధర్ పర్యవేక్షణలో 50 అడుగులకు 60 అడుగుల జాగాలో దాదాపు 300 బొమ్మ ఇళ్లు కట్టి, దీపాలు అమర్చి ఆ నగరాన్ని సృష్టించారు. పడవ పాటలోని వెన్నెల మార్కస్ బార్ట్‌లీ తన కెమెరా పనితనంతో పుట్టించినది. ఏ సన్నివేశం ఎంతసేపు నడవాలో కె.వి.రెడ్డి స్టాప్‌వాచ్ పెట్టి ముందే తేల్చుకునేవారు. పింగళి మాటలు రాశారు, ఘంటసాల బాణీలు పూర్తిచేశారు. వడ్రంగులు, పెయింటర్లు, లైట్‌బాయ్‌లు వందల మంది చెమటోడ్చారు. వాళ్లలో చాలామంది పేర్లు మనకు తెలియవు. ఆ పని మాత్రం ఇప్పటికీ మన కళ్లముందు ఉంది.

నాగిరెడ్డి కెమెరా పట్టలేదు, పాట కట్టలేదు. పని తెలిసిన పదిమందికి నిలకడగా పనిచేసుకునే చోటు ఇచ్చారు. చక్రపాణితో కలిసి 1947లో 'చందమామ' మొదలుపెట్టినా, ఆ తర్వాత మద్రాసులో విజయా ఆసుపత్రి కట్టినా చేసింది ఇదే. 1986 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు దక్కింది. నా దృష్టిలో అది చోటు కల్పించే పనికి దక్కిన గౌరవం.

కాలం మారింది. తెలుగు సినిమా హైదరాబాద్‌కు తరలివచ్చింది. అన్నపూర్ణ స్టూడియోస్, రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చాయి. విజయా-వాహినీ స్థలంలో కొంత భాగం ఇప్పుడు షాపింగ్ మాల్. అయినా 'మాయాబజార్'‌కు 2010లో రంగులు అద్దినవారు హైదరాబాద్‌లో కంప్యూటర్ల ముందు కూర్చున్న నిపుణులే. భవనం పోయినా పనితనం కొత్త చేతుల్లోకి వచ్చింది.

మన దగ్గర పనితనానికి కరువు లేదు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మ తేల్చే కళాకారులున్నారు. మహబూబాబాద్ తండాల్లో అద్దాలు పొదిగి కుట్టే అక్కలున్నారు. భూపాలపల్లి గనుల్లో యంత్రాల నాడి తెలిసిన కార్మికులున్నారు. గణపురం కోటగుళ్లు చెక్కిన శిల్పులు మన పూర్వీకులు. లేనిదల్లా వీళ్లకు ఏడాది పొడవునా పని, సరైన కూలి, పేరు దక్కే చోటు. కామర్స్ చదివినవాళ్లు అలాంటి చోటును లెక్కలు చూసి నిలబెట్టండి. కంప్యూటర్స్ చదివినవాళ్లు ఆ పనిని లోకానికి చూపించండి. తెలుగు చదివినవాళ్లు పాలకుర్తి వీరనారి చాకలి ఐలమ్మ కథను, బమ్మెర పోతన కథను ఇక్కడే రాసి, ఇక్కడే తీయండి.

ఉద్యోగానికి ఏ నగరానికైనా వెళ్లండి, తప్పు లేదు. మొదట ఏదో ఒక పనిని తుదదాకా నేర్చుకోండి. ఆ తర్వాత మీకు తోచిన చోట మరో పదిమందికి పని నేర్పే వసతి కల్పించండి. మీ పట్టాకు అంతకంటే మంచి వినియోగం లేదు.