ది అన్‌ఫర్గివబుల్: నిర్దోషి అయితేనే క్షమిస్తామా?

ఈ రోజు సినిమా 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ది అన్‌ఫర్గివబుల్’. స్పాయిలర్ ఉంది, చూడనివాళ్లు చూసొచ్చాక చదవండి.

షెరీఫ్‌ని చంపిన కేసులో 20 ఏళ్లు జైల్లో ఉండి రూత్ బయటికొస్తుంది. సియాటిల్‌లో చేపల ఫ్యాక్టరీలో పని, పెరోల్ ఆఫీసర్ రూల్స్, దూరమైన చెల్లి కోసం వెతుకులాట. ఇదీ కథ.

క్రిటిక్స్‌లో చాలామంది సాండ్రా బుల్లక్ నటనని మెచ్చుకున్నారు, కథనం దగ్గర మాత్రం పెదవి విరిచారు. న్యాయమే. 2009లో బ్రిటన్‌లో మూడు ఎపిసోడ్లుగా వచ్చిన ‘అన్‌ఫర్గివెన్’ని రెండు గంటల్లోపు కుక్కేశారు. షెరీఫ్ కొడుకుల పగ ట్రాక్ అతికించినట్టుంది. వయోలా డేవిస్ అంతటి నటికీ చేయడానికి పెద్దగా ఏమీ లేదు.

నా కంప్లైంట్ మాత్రం ట్విస్ట్ మీద. కాల్చింది రూత్ కాదు, అప్పటికి ఐదేళ్ల చెల్లి! అది తెలియగానే నాకూ కళ్లలో నీళ్లొచ్చాయి. కానీ అసలు ప్రశ్న నుంచి సినిమా తప్పించుకుంది కూడా అక్కడే.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో చేరినప్పుడు వెరిఫికేషన్ ఫారంలో ‘మీ మీద కేసులున్నాయా?’ అని అడిగారు. ‘లేవు’ అని టిక్ పెట్టేసి ముందుకెళ్లిపోయా. అక్కడ ‘ఉన్నాయి’ అని పెట్టాల్సినవాడి గురించి ఈ సినిమా చూశాకే ఆలోచించా. అతని కథలో ఏ ట్విస్టూ ఉండదు. తప్పు నిజంగానే చేశాడు, శిక్షా పూర్తిచేశాడు.

మరి అతనికి పని ఇస్తామా? మన పక్క సీట్లో కూర్చోనిస్తామా? నిజం చెప్పాలంటే, నేనైతే కాస్త తటపటాయిస్తా. మీరు?