కారులోని చలువ యంత్రము చెప్పెడి మాట

వేసవి తలచూపగనే మన అనంతపురము సీమలో ఇంటింటను కొత్త కుండ వెలయును. దానిని ఇసుకపై నిలిపి, తడిగుడ్డ చుట్టి, మధ్యాహ్నమున చల్లని నీరు త్రాగుదుము. కుండకు ఆ చల్లదన మెక్కడిది? సన్నని రంధ్రముల గుండ ఊరిన నీరు ఆవిరి యగునపుడు లోపలి వేడిని తనతో గొనిపోవును. నేడందరును ఏ.సి. అని పిలుచు మోటారు కారులోని చలువ యంత్రమును ఈ సూత్రముపైననే పనిచేయును. భేద మొక్కటే. కుండనీరు ఆవిరియై గాలిలో కలిసిపోవును. కారులోని ద్రవము ఆవిరియైన పిదప మరల పట్టువడి ద్రవమగును.

మెకానిక్కులు దీనిని గ్యాసు అందురు. కంప్రెసరు దానిని అణచి ముందుకు త్రోయును. రేడియేటరు నెదుటనుండు కండెన్సరులో అది తన వేడిని బయటిగాలికి విడిచి ద్రవమగును. డాష్‌బోర్డు వెనుకనున్న కూలింగు కాయిలులో మరల ఆవిరియై లోపలి వేడిని గ్రహించును. ఈ ప్రదక్షిణ మంతయు మూసిన గొట్టములలోనే జరుగును. కనుక గ్యాసు పెట్రోలువలె ఖర్చగునది కాదు. అది బాగుగా తగ్గిన దనిన, ఎక్కడనో కారుచున్నదని తెలియవలెను.

నాకీ పాఠము తేలికగా రాలేదు. కొన్ని యేండ్ల క్రిందట మే నెలలో మా తండ్రిగారిని వైద్యమునకై బెంగుళూరు గొనిపోవలసి వచ్చెను. అది 200 కిలోమీటర్లకు పైబడిన దారి. అంతకు నెల ముందునుండియు, కారు పరుగిడునపుడు చల్లగాలియు, నిలిచినపుడు వెచ్చని గాలియు వచ్చుచుండెను. ఒక షెడ్డులో రెండుమారులు గ్యాసు నింపించితిని. కారుచున్న చోటు వెదకుమని నే నడుగలేదు, వారును వెదకలేదు. ఆనాడు నడిదారిలో చల్లదనము పూర్తిగా నిలిచిపోయెను. వృద్ధుల శరీరము వేడిని సులభముగా వదల్చుకొనజాలదు. కొంతసేపటికి తండ్రిగారి మాట తడబడసాగెను. చింతచెట్టు నీడన కారు నిలిపి, తడిగుడ్డతో మేను తుడిచి, చాలసేపు విసరిన మీదట వారు తేరుకొనిరి. అటుపిమ్మట పరీక్షింపగా కండెన్సరునకు రాయి తగిలి సూదిబెజ్జము పడియుండెను. దాని రేకుల నిండ దుమ్ము. యంత్రము నెలనాళ్లు ముందుగనే చెప్పినది. వినని తప్పు నాది.

అది చెప్పెడి మాట లేవియో చూతము. వచ్చు గాలి చల్లగనే యుండి, దాని వేగము తగ్గినచో, లోపలి గాలి ఫిల్టరు పూడినదేమో మొదట చూడవలెను. అనేకమైన కార్లలో అది ఎడమప్రక్క కూర్చున్నవాని ముందరి చిన్న అర వెనుక నుండును. కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములలో వేదవతీ నది యిసుకను గాలి పొలముల మీదికి మోసికొని వచ్చును. వేరుసెనగ నూర్చు దినములలో పొట్టును దుమ్మును ఊరంతయు కమ్మును. కావున కారుతో వచ్చిన పుస్తకము చెప్పిన గడువునకు ముందుగనే ఫిల్టరును చూచుకొనుట మనకు మేలు.

గాలి బలముగా వచ్చుచు చల్లదనము లేనిచో, గ్యాసు తగ్గినదో, కంప్రెసరు పనిచేయుట లేదో తెలిసికొనవలెను. గ్యాసుతోపాటు కంప్రెసరు నూనెయు తిరుగుచుండును. కావున గొట్టముల కీళ్లవద్ద జిడ్డుమరక కనిపించిన, కారు చోటు అదియే కావచ్చును. నిలిచినపుడు మాత్రమే వెచ్చబడుచున్నచో, కండెన్సరు ఫ్యాను ఆగినదో, రేకులలో దుమ్ము పట్టినదో, గ్యాసు తగ్గినదో కావచ్చును. రేకులను మెల్లని నీటిధారతో కడుగవలెను. వడిగల ధార వానిని వంచును.

ముక్కవాసన వచ్చిన, తడిసిన కాయిలుపై బూజు పట్టినదన్నమాట. కారు క్రింద నీటిబొట్లు పడుట దోషము కాదు. పనిచేయు యంత్రము గాలిలోని తేమను అట్లు వదలును. ఆ నీరే లోపల కాళ్లవద్ద చేరిన, బయటికి పోవు గొట్టము పూడినదని గ్రహింపవలెను. ఏ.సి. వేయగనే కీచుమన్న బెల్టును, గరగరలాడిన కంప్రెసరును పరీక్ష చేయింపవలెను.

1939లో అమెరికాలో పాకార్డు సంస్థ కార్లలో ఈ యంత్రము నమర్చినపుడు ఇది ధనికుల ముచ్చట. 2019లో మన పెనుకొండచెంత ఎర్రమంచి వద్దనే కియా కార్ల తయారీ ఆరంభమైనది. సామాన్య కుటుంబములును నేడు ఏ.సి. కారులో ప్రయాణము చేయుచున్నవి. తొలినాళ్ల గ్యాసు ఆకాశమునందలి ఓజోను పొరకు చేటు చేయుటచే, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందముతో దానిని క్రమముగా మానిరి. దాని స్థానమున విరివిగా వాడుకలోనికి వచ్చిన ఆర్-134ఎ అను గ్యాసు, బొగ్గుపులుసు వాయువుకంటె వెయ్యిరెట్లకు మించి భూమిని వేడెక్కించును. కారుచున్న గొట్టములో మరల మరల గ్యాసు నింపుట మన ధనమునకే గాక, మన యెండలకును కీడు.

శివరాత్రికి చలి వెడలునని పెద్దలందురు. ఆ దినములలోనే ఒకమారు కారును నీడన నిలిపి, ఏ.సి. వేసి, పది నిమిషములు చేయి పెట్టి చూడుడు, చెవియొగ్గి వినుడు. మెకానిక్కువద్దకు పోయినపుడు “గ్యాసు నింపుము” అని కాక, “ఎక్కడ కారుచున్నదో చూపుము” అని యడుగుడు. కుండ కారిన నేల తడిసి తెలియును. గ్యాసు కారిన జాడ కంటికి సులభముగా కానరాదు. నడివేసవిలో, నడిదారిలో, ఇంటి పెద్దలు ప్రక్కనుండగా అది తెలియుటకంటె, ముందుగ అడిగి తెలిసికొనుట మంచిది.