పాదరసమునకు మాఱుగా బంగారము



స్వర్ణకారవృత్తి మన పూర్వుల నుండి వచ్చినది గావున, బంగారమునకు దొరకిన యొక క్రొత్త పనిని గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను. నేను బడిలో సంస్కృతము చెప్పినవాడనే గాని రసాయన శాస్త్రజ్ఞుడను గాను. అయినను పుటము, ద్రావకము, పాదరసము అను మాటలు మన యిండ్లలో పిల్లలకును దెలిసినవే గదా.

ఇండ్లకు నీరు దెచ్చు గొట్టములును, విద్యుత్తీగల తొడుగులును పి.వి.సి. యను పదార్థముతో జేయుదురు. దానికి మూలము వినైల్ క్లోరైడను వాయువు. పెక్కు దేశములు దీనిని చమురు నుండి వచ్చు ఎథిలీనుతో జేయుచున్నవి. చీనాలో బొగ్గు విస్తారము, చమురు తక్కువ. కావున అచ్చట సున్నమును కోకు బొగ్గును విద్యుత్కొలిమిలో గాల్చి కార్బైడు చేసి, దానిని నీటితో గలిపి ఎసిటిలీను పుట్టింతురు. మునుపు తిరునాళ్లలో వెలిగిన కార్బైడు దీపములోని వాయువిదియే. దీనిని హైడ్రోజన్ క్లోరైడుతో గలిపి, పాదరస క్లోరైడు పట్టించిన బొగ్గు గుండ బంపినచో వినైల్ క్లోరైడగును. ఉత్ప్రేరకము తాను వ్యయము గాక పని జరిపింపవలసినది; కాని పాదరస లవణము ఆ వేడికి కొంచెము కొంచెముగా ఆవిరియై జాఱిపోవును.

పాదరసము నీట బడిన నేమగునో జపానులోని మినమాటా తీరమున 1956లో వెల్లడియైనది. అచ్చటి చిస్సో కర్మాగారము ఎసిటిలీను నుండియే పాదరస లవణముతో ఎసిటాల్డిహైడను వేఱొక పదార్థమును జేసెడిది. వ్యర్థజలములోని విషము చేపల జేరి, తిన్నవారి నరములను జెఱచెను. గర్భస్థశిశువులను సైతము విడువలేదు. 2013లో కుదిరిన పాదరస నిరోధక సంధికి ఆ యూరి పేరే పెట్టిరి.

బంగారము దేనితోను గలియదని మన గర్వము. 1985లో గ్రాహం హచింగ్స్ అను పండితుడు లోహలవణముల విద్యుద్గుణములను సరిపోల్చి, ఈ పనికి పాదరసముకంటె బంగారమే మేలని ముందుగా జెప్పెను. పిదప ప్రయోగములు దానిని స్థిరపఱచినవి. రాజద్రావకమున బంగారమును గరగించి బొగ్గునకు బట్టించుట తొలి పద్ధతి. ఈ సభలో ఆ ద్రావకపు ఘాటెఱుగనివా రెవరు? అయితే ముద్దకట్టిన బంగారము ఇచ్చట నిష్ప్రయోజనము. పరమాణువులు లోహరూపము వీడి, ఒంటరిగా నిలిచినప్పుడే పనిచేయునని 2017లో ఎక్స్ కిరణములతో పరిశీలించి ప్రకటించిరి. అవి లోహమై కూడుకొన్నచో శక్తి క్షీణించును. ఆభరణమునకు గుణమైనది ఇచ్చట దోషమైనది! రాజద్రావకమును మాని, థయోసల్ఫేటు సహాయమున, వేయింట నొక పాలు మాత్రపు బంగారముతో సరిపుచ్చు మార్గము దొరకినది. జాన్సన్ మాథీ సంస్థ దీనిని విక్రయమునకు దెచ్చినది. రుథేనియమును, రాగిని గూడ పరీక్షించిరి. రాగి చవుకయే గాని చుఱుకు తక్కువ.

ఇక చిక్కెక్కడ? పాదరసరహిత ఉత్ప్రేరకము సాంకేతికముగను ఆర్థికముగను సాధ్యమని సభ్యదేశములు నిర్ణయించిన అయిదేండ్లకు ఈ పనిలో పాదరసమును మానవలెనని సంధిలో వ్రాసికొనిరి. “ఆర్థికముగ” నను మాట చాటున ఏండ్లు గడపుటకు చోటిచ్చిరని నా యభిప్రాయము. బంగారము ప్రియమని లెక్కచూపువారు జాలరి బిడ్డ వణకు చేతిని ఏ పద్దున వ్రాయుదురు? పోనీ, ధరయే చూతము. ఆవిరియైన పాదరసమును బట్టి తెచ్చుట దుర్ఘటము. శక్తి యుడిగిన బొగ్గులోని బంగారమును మరల రాబట్టవచ్చును. కొలిమి బూడిద కడిగి బంగారపు రజను దీయు మనవారికి ఈ లెక్క నేను నేర్పవలసిన పని లేదు.