తుప్పు కింద అంకె

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నన్ను అమెరికా విశేషాలు చెప్పమన్నారు. అక్కడి మేడలూ జలపాతాలూ మీ పిల్లలు ఫోనులో చూపిస్తూనే ఉంటారు. అందుచేత నేను పాత ఇనుము గురించి పది నిమిషాలు మాట్లాడతాను.

2023 వేసవిలో ఇల్లినాయ్ రాష్ట్రంలో మా అబ్బాయి ఇంట మూడు నెలలున్నాను. జాన్ డీర్ 1837లో ఉక్కు నాగలి చేసింది ఆ రాష్ట్రంలోనే. మెకార్మిక్ కోతయంత్రాల కార్ఖానా కూడా అక్కడి చికాగోలోనే ఉండేది. పక్కింటి పెద్దాయన వ్యవసాయం మానుకున్న రైతు. మెటల్ డిటెక్టరు పట్టుకుని సొంత పొలంలో తిరగడం ఆయన కాలక్షేపం. అది కూత పెట్టిన చోట తవ్వుతారు. నేను గోనెసంచి పట్టుకుని వెంట వెళ్లేవాణ్ణి. మా దేశంలో భూమిలో పది రూపాయలకు మించిన నిక్షేపం దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుగారికి తెలియజేయాలని చెబితే, పాపం, చాలాసేపు నవ్వారు.

ఎక్కువగా దొరికినవి మూడు మూలల ఉక్కు బిళ్లలు. సుమారు మూడంగుళాల వెడల్పు, వెడల్పు వైపు రెండు చిల్లులు. మా మనవడు బాణపు ములుకులన్నాడు. నేనూ నమ్మాను. తీరా చూస్తే అవి గడ్డి కోసే యంత్రం తాలూకు కత్తి పళ్లు! పొడుగాటి బద్దకు వాటిని వరసగా రివెట్లతో బిగిస్తారు. మంగలి చేతిలోని క్రాపు మిషనులాగా ఆ బద్ద అటూ ఇటూ ఆడుతూ కోస్తుంది. రాయి తగిలి పన్ను విరిగితే రైతు చేలోనే రివెట్లు ఊడగొట్టి కొత్తది వేసుకునేవాడు, పాతది అక్కడే పారేసేవాడు. అందుకే అన్ని దొరుకుతాయి.

పోత ఇనుము సంగతి వేరు. అది వంగదు, విరుగుతుంది. విరిగిన చోట బూడిద రంగు పలుకులు కనిపిస్తాయి. బ్రష్షుతో రుద్దితే దాని మీద ఉబ్బెత్తు అంకెలు బయటపడతాయి. నాలుగంకెలుంటే సంవత్సరమనుకుంటాం గాని, చాలావరకు అది విడిభాగం నంబరే. పేటెంటు తేదీ ఉన్నా, అది హక్కు వచ్చిన రోజే తప్ప ఆ ముక్క పోసిన రోజు కాదు. పెద్దాయన దగ్గర పాత విడిభాగాల పుస్తకం ఉంది. నంబరు పట్టుకుని వెతికితే బొమ్మతో సహా దొరుకుతుంది. అచ్చం మన స్టాకు రిజిస్టరే.

అక్కడే నాకు మనసు చివుక్కుమంది. 1981లో నేనొక జిల్లా ఆఫీసులో స్టోర్సు గుమాస్తాను. గదిలో ఓ మూల గ్రీజు పట్టిన యంత్ర భాగాల కుప్ప ఉండేది. ఆడిటు వస్తోందన్నారు. ఒక్కటైనా తుడిచి నంబరు చూడలేదు. "గుర్తు తెలియని పాత ఇనుము" అని ఒక్క పద్దు రాసి, కిలోల లెక్కన వేలం వేయించాను. ఆడిటులో అభ్యంతరం రాలేదు, పైగా మెచ్చుకున్నారు.

రెండు నెలల తర్వాత ఓ రైతు నూర్పిడి యంత్రం పళ్ల చక్రాన్ని తువ్వాలులో చుట్టుకొచ్చాడు. రెండు పళ్లు విరిగిపోయాయి. "ఇలాంటిది మీ స్టోర్సులో ఉందని చెప్పారు బాబుగారూ. కుప్ప మీదుంది, వాన వచ్చేట్టుంది" అన్నాడు. అలాంటిదే నా ఎదుట కాటా ఎక్కింది. నాకు బాగా గుర్తు. "లేదయ్యా" అన్నాను. వేలం సంగతి చెప్పలేదు. చక్రాన్ని మళ్లీ తువ్వాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన పంట ఏమైందో నేను విచారించలేదు.

ఈ మాట మా ఆవిడకు కూడా ఇంతవరకు చెప్పలేదు. ఆమె ఇప్పుడు మూడో వరసలోనే ఉన్నారు.

ఆ మూడు నెలలూ పెద్దాయన ముక్కలన్నీ నేనే తోమాను. ఒక్కోదానికి దారంతో చీటీ కట్టి నంబరు, పేరు, దొరికిన చోటు రాశాను. వచ్చేనాటికి పదిహేడయ్యాయి. పదహారింటికి పేరు తెలిసింది. పదిహేడోదాని మీద 4 అంకె తర్వాతదంతా తుప్పు తినేసింది. దాని చీటీ మీద పేరుకు చోటు వదిలి వచ్చాను.