పిల్లల భూమికి కోర్టు కాగితం

అక్కలారా, తల్లీదండ్రీ పోయిన పిల్లలను చిన్నాయినో మేనమామో తీసుకపోతడు, బువ్వ పెడతడు. మరి వాళ్ల పేరుమీది ఎకరం చెల్క? పెద్దమనుషుల నోటిమాట మీదనే నడుస్తది. ఇదే మా బెంగ.

1890 నాటి సంరక్షకుల చట్టం 1951ల మన దిక్కు వచ్చింది. జిల్లా కోర్టు పెట్టిన సంరక్షకుడు, కోర్టు అడిగితే పిల్లల ఆస్తి జాబితా, లెక్కలు రాసియ్యాలె. అనుమతి లేకుండా భూమి అమ్మరాదు, కుదువ పెట్టరాదు. పాత ఫైలే రేపు పిల్లలకు సాక్ష్యం. తెలివొచ్చిన పిల్లల ఇష్టం కూడా జడ్జి చూస్తడు. అడగకుండా అమ్మితే, 18 ఏండ్లు నిండినంక మూడేండ్లలోపు వాళ్లు దావా వేసి రద్దు చేయించుకోవచ్చు.

నల్లగొండల గానీ పాలమూరుల గానీ న్యాయ సేవాధికార సంస్థకు పోతే పిల్లలకు వకీలు ఫీజు లేదు. మన సంఘాలల్ల అసుంటి పిల్లల పాసుబుక్కు ఎవరి చేతిలున్నదో వచ్చే మీటింగుల అడుగుదాం.